గేటు దగ్గర బూట్లాయన

మా ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. టికెట్టు కొని చూసేవాళ్ళు ఒక రకం, టికెట్టు ధర చూసి వెనక్కి తిరిగేవాళ్ళు రెండో రకం. మొదటి రకం వాళ్ళకి లైసెన్సున్న గైడ్లు పద్నాలుగు మంది ఉండేవాళ్ళు. రెండో రకానికి నేనొక్కణ్ణే.

నా వ్యాపారం పేరు 'పొదుపు నడక'. పొద్దున్నే బస్టాండులో ఒక అట్టముక్క పట్టుకుని నిలబడేవాణ్ణి. దాని మీద ఎర్ర రంగుతో నేనే రాసుకున్నాను: 'కాళ్ళుంటే చాలు, కాలాన్ని చూపిస్తా!' ఎక్కడా టికెట్టు కొనక్కర్లేదు. మ్యూజియం కిటికీలోంచి, రాణిగారి స్నానాల గది వెనకగోడ కన్నంలోంచి, కోట దాని గేటు బయటి నుంచి. గుమ్మాలు చూపిస్తానే గాని ఏ గుమ్మమూ దాటించను. చివర్లో నా టోపీ తిరగేసి పట్టుకుంటాను. ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు, తోచనివాళ్ళు ఏమీ తోచనట్టు మొహం పెట్టి వెళ్ళిపోతారు.

"ఉచితంగా ఊరు చూపించడం ఉచితమేనటయ్యా?" అని లైసెన్సు గైడ్లు దెప్పేవాళ్ళు. మీ దగ్గర పట్టా ఉంది, నా దగ్గర అట్ట ఉంది, పోనివ్వండి అనేవాణ్ణి. మాటకి మాట అంటించడంలో ఆ రోజుల్లో నాకు అగ్గిపెట్టె అక్కర్లేదు.

మా నాన్న ఆ కోట పెద్దగేటుకి కాపలాదారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజూ ఎనిమిదింటికి మోచేయంత పొడుగు తాళంచెవితో తలుపు తెరిచి, సాయంత్రం దాకా దాని పక్కన నిటారుగా నిలబడేవాడు. ఆయనది నిలబడే ఉద్యోగం, నాది నడిచే ఉద్యోగం. ఇంట్లో కూర్చుని ఉండేది అమ్మ ఒక్కతేనని మేమిద్దరం అనుకునేవాళ్ళం. అమ్మ కూర్చోగా చూసినవాళ్ళు మాత్రం ఇద్దరిలో ఎవరూ లేరు.

నేను చెప్పబోయేది ఒక్క చలికాలం సంగతి. మా ఊరికి జనం వచ్చేది ఆ నాలుగు నెలలే. ఆ చలికాలం ముగిసే రోజున నాన్న రిటైరు కావాలి.

నేను అట్టముక్క పట్టుకున్న మొదటి వారంలోనే నాన్న ఒక నియమం పెట్టాడు. టీ తాగుతూ, గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.

"ఒరేయ్, గేటు దగ్గర నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. కాపలావాడి కొడుకు గేటు ముందు బేరం పెట్టాడని ఎవడైనా ఆఫీసరు చెవిలో ఊదాడంటే, ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది."

"అయితే మిమ్మల్ని నాన్నా అని పిలవకూడదన్నమాట."

"అక్కడ పిలవకు. పసుపు గీత దాటి రాకు కూడా."

లైసెన్సు లేనివాళ్ళు ఆ పసుపు గీత అవతలే నిలబడాలి. అక్కడొక విరిగిన ఫిరంగి ఉండేది. దాని నుంచి గేటుకి సరిగ్గా నలభై అడుగులు. నా పాదాలతో వేసి చూశాను.

"ఆఖరి రోజు మాత్రం రా," అన్నాడు నాన్న. అనేసి కాస్త సిగ్గుపడ్డాడు. "తాళంచెవి ఆఫీసరు చేతికిచ్చేశాక నేను గేటు మనిషిని కాదుగా. గీత దాటి వచ్చి నా పక్కన నిలబడు. వీడు మా పెద్దాడు అని అందరికీ చెప్తాను."

"పెద్దాడేంటి, ఉన్నదే ఒక్కడు!" అంది అమ్మ వంటింట్లోంచి.

"ఒక్కడైనా పెద్దాడేగా," అన్నాడు నాన్న.

నా నడకలో బలహీనమైన చోటల్లా ఆ గేటే. ఊరంతా తిరిగి, కాళ్ళు పీకుతూ కోట దాకా వచ్చాక, లోపలికి వెళ్ళటం లేదని చెప్పాలి. జనం మొహాలు వాడిపోయేవి. కొందరు గొణుక్కునేవాళ్ళు, కొందరు టోపీ దాకా రాకుండానే జారుకునేవాళ్ళు. రెండు వారాలు అలాగే నడిచింది. నడిచిందంటే నేను నడిచాను, వ్యాపారం కుంటింది.

ఒకరోజు విపరీతమైన మంచు. కోట ఉందని నామీద నమ్మకంతో ఒప్పుకోవాలి గాని, గేటు తప్ప గోడ కూడా కనపడటం లేదు. ఇరవై మంది చలికి చేతులు చంకల్లో పెట్టుకుని ఫిరంగి చుట్టూ నిలబడ్డారు.

"ఇదేనా? ఇంతేనా?" అన్నాడొకాయన. "తలుపు చూడ్డానికి ఇంత దూరం ఎందుకు? మా ఇంటికీ తలుపుంది."

అందరూ నవ్వారు. నామీద ఇంకొకడు జోకు వేసి నవ్వించడమన్నది నాకు కడుపుమంట. ఏదో ఒకటి చూపించాలి. టికెట్టు లేకుండా ఆ మంచులో కనపడేది ఏముంది? తలుపు పక్కన నిటారుగా నాన్న. నాన్న కాళ్ళకి మిలమిల మెరుస్తూ నల్లటి తోలు బూట్లు.

ఆ బూట్ల సంగతి చెప్పాలి. ఆఫీసువాళ్ళు కాపలావాళ్ళకి ఇచ్చేవి కేన్వాసు బూట్లు. ఉద్యోగం ఖాయమైన రోజున నాన్న తన మొదటి జీతంతో ఈ తోలు బూట్లు కొనుక్కున్నాడు. అడుగు తోలు ఏడుసార్లు మార్పించాడు, పైభాగం మాత్రం అదే. రోజూ పాలిష్ చేస్తాడు. ఆయన జీవితంలో సొంతానికని కొనుక్కున్న వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

"తలుపు చూడకండి," అన్నాను గొంతు తగ్గించి. "తలుపు పక్కనున్న మనిషి కాళ్ళు చూడండి."

ఇరవై తలలు అటు తిరిగాయి.

"మూడు నెలలు శత్రువులు ఈ కోటని చుట్టుముట్టారు. కోట పడలేదు. లోపల తిండి ఉంది, నీళ్ళున్నాయి, రాజుగారికి మీసాలున్నాయి. ఒక్క గేటు కాపలావాడి కాళ్ళకి మాత్రం ఏమీ లేవు. ఇదిగో, ఇలాంటి చలి. వాడు ఒక కాలు దించి ఒక కాలు ఎత్తి కాపలా కాస్తున్నాడు. అది శత్రు సేనాపతి చూశాడు. ఫిరంగులు వెనక్కి పంపించేసి, ఒక జత బూట్లు తెప్పించి, కర్రకి కట్టి, గోడ పక్కన ఊపాడు." కర్రకి బూట్లు కట్టి ఊపినట్టు నా అట్టముక్క ఊపాను. "తెల్లారేసరికి తలుపు బార్లా తెరిచుంది. రాజు పోయాడు, రాజ్యం పోయింది, మీసాలు పోయాయి. బూట్లు మిగిలాయి! ఆ వంశంలో పెద్దకొడుకు ఎవడైతే వాడు ఆ బూట్లు తొడుక్కుని, అదే గేటు దగ్గర జీవితాంతం నిలబడాలని శిక్ష. తాత తెరిచిన తలుపుకి మనవడు కాపలా. అదిగో, ఆయనే."

పగలబడి నవ్వారు. ఇంటి తలుపాయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు. యాత్రికులు గేటు ముందున్న గొలుసు దాకా వెళ్ళొచ్చు కదా అని నడుచుకుంటూ వెళ్ళి, మా నాన్నని దగ్గర నుంచి చూసి, ఫోటో తీసుకోవచ్చా అని అడిగాడు. నలభై అడుగుల అవతల నాన్న సర్దుకుని నిలబడటం, టోపీ సరిచేసుకోవడం నేను చూశాను.

తాళంచెవి పట్టుకున్న మనిషి చెవిన ఆ కథ పడలేదు. దూరం అలాంటిది.

ఆ రోజు నా టోపీ నిండింది. బూటు కథ, బూటకపు కథ, అయినా బ్రహ్మాండంగా నడిచింది. మర్నాడు మళ్ళీ చెప్పాను. ఆ మర్నాడు సేనాపతికి పిల్లికళ్ళు పెట్టాను. వారం తిరిగేసరికి కాపలావాడికి ఒక పెళ్ళాం, ఆ పెళ్ళానికి ఒక సాధింపు కూడా చేరాయి.

*

"ఈసారి వచ్చే జనానికి మర్యాద తెలుసే," అన్నాడు నాన్న ఒకరోజు పొద్దున్న. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, ఎడమ చెయ్యి బూటులో దూర్చి, కుడిచేత్తో బ్రష్షు కొడుతున్నాడు. "ఇన్నేళ్ళలో నన్నెవరూ చూడలేదు. తలుపుని చూసేవాళ్ళు, గోడని చూసేవాళ్ళు, నా పక్కనుంచి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు వరసపెట్టి వచ్చి ఫోటో అడుగుతున్నారు."

"ఎందుకో?" అంది అమ్మ.

"ఎందుకేంటి! నా బూట్లు చూశావా? అందరి చూపూ ముందు వీటి మీదే పడుతుంది. నిన్నొకావిడ కూర్చుని మరీ ఫోటో తీసింది, బూట్లకి."

"బూట్లకేనా, మీకు లేదా?"

"బూట్లలో నేనున్నాగా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దంలోకి చూస్తున్నాను. అమ్మ అద్దంలోంచే నన్ను చూసింది.

"ఏరా, నువ్వేమైనా చెప్తున్నావా వాళ్ళకి?"

"చరిత్ర చెప్తున్నానమ్మా."

"ఆయన గురించేనా?"

"గేటు గురించి. గేటు గురించి చెప్తే గేటు మనిషిని చూడరా మరి?"

ఇందులో ఒక్క అబద్ధం లేదు. నిజాలన్నీ వరసగా పేర్చి అబద్ధం కట్టడం నాకు నాన్న నేర్పిన విద్య కాదు, స్వార్జితం.

"చూశావా," అన్నాడు నాన్న అమ్మతో. "వీడు చెప్పబట్టేనే ఇదంతా. నియమం దాటకుండానే నా పరువు పెంచుతున్నాడు. బుర్ర ఉన్నవాడు." ఇలా అని, మెచ్చుకున్నానని నేనెక్కడ ఉబ్బిపోతానో అని, బ్రష్షుతో నా మోకాలి మీద ఒక్కటి అంటించాడు. ప్యాంటు మీద నల్లమచ్చ పడింది. అది ఉతికినా పోలేదు. ప్యాంటు పోయింది గాని మచ్చ పోలేదు.

ఆ రోజే మానేసి ఉండాల్సింది. ఆ మాట నాతో నేను ఆ రోజు కూడా అనుకున్నాను. రేపు మానేద్దాం, ఈ శనివారం జనం ఎక్కువ, ఆదివారం ఇంకా ఎక్కువ, సోమవారం నుంచి మానేద్దాం అనుకుంటూ సోమవారాలు నాలుగు దాటించాను. నా నడకలో గేటు దాటించను గాని, వారాలు బాగానే దాటించేవాణ్ణి.

నాన్న కొత్త లేసులు కొన్నాడు. మీసానికి రంగు వేశాడు. అమ్మ ఆయన కోటు గుండీలు విప్పి, తోమి, మళ్ళీ కుట్టింది. ఎవరో యాత్రికుడు పోస్టులో పంపిన ఫోటోని చట్రం కట్టించి గోడకి తగిలించారు. అందులో నాన్న ఛాతీ విరుచుకుని ఉన్నాడు. ఆయన పక్కన ఆ యాత్రికుడు, ఒక వేలు కిందకి చూపిస్తూ, పెదవులు బిగబట్టి ఉన్నాడు.

"నవ్వు ఆపుకుంటున్నట్టున్నాడు చూడండి," అంది అమ్మ.

"సంతోషం," అన్నాడు నాన్న.

ఉచితంగా దొరికాడు కదా అని నాన్నని చూపించాను. ఉచితమా అని ఆలోచించలేదు. లైసెన్సు గైడ్ల దెప్పుడికి అసలు జవాబు అప్పటికి దొరికింది నాకు. ఎవరికీ చెప్పలేదు.

*

నాన్నకి గురువారం సెలవు. ఆ రోజు గేటు దగ్గర ఇంకో కాపలాదారు, కేన్వాసు బూట్లతో, ఒక కాలి మీద బరువేసి నిలబడేవాడు. చలికాలం ఇంకో మూడు వారాల్లో అయిపోతుందనగా, ఒక గురువారం నా నడకలో పాతికమంది చేరారు. వాళ్ళలో ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు. పదిరోజుల కిందట ఒకసారి వచ్చాడు, ఈసారి మామగారిని, అత్తగారిని, బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. పళ్ళ డాక్టరు కాబట్టి, నవ్వితే ముప్పై రెండూ లెక్కకి దొరికేలా నవ్వేవాడు.

మార్కెట్టు మలుపు దగ్గర తలలు లెక్కపెడితే ఇరవై ఏడు వచ్చాయి. వెనక ఎవరో ఇద్దరు ముసలివాళ్ళు కలిశారనుకున్నాను. ఆయన మెడకీ తలకీ కలిపి మఫ్లరు చుట్టుకున్నాడు. ఆవిడ శాలువా కప్పుకుంది. ఇంకో పది అడుగులు వేశాక ఆ శాలువా మాకు తెలిసిన శాలువా అని అర్థమైంది.

అమ్మ నాకేసి చూసి, కనపడీ కనపడనట్టు తల ఊపింది. నాన్న మాత్రం నన్నసలు ఎరగనట్టు మ్యూజియం కిటికీ వంక చూస్తున్నాడు. నియమం! కళ్ళలో మాత్రం కొత్త పెళ్ళికొడుకు మెరుపు. సెలవురోజైనా కాళ్ళకి ఆ బూట్లే. కొడుకు నడకకి వస్తున్నాడు మరి, మామూలు చెప్పుల్తో ఎలా వస్తాడు?

రాణిగారి స్నానాల గది కన్నం దగ్గర నేను వేసిన జోకులు ఏవో నాకు గుర్తులేవు. నాన్న కన్నంలోకి తొంగి చూసి, అమ్మని కూడా చూడమని జరిగాడు. అన్నేళ్ళు కోట దగ్గర ఉద్యోగం చేసి, ఆయన ఊరు చూడటం అదే మొదటిసారి. తల పైకెత్తి ప్రతి మేడకీ నోరు తెరిచాడు. నా ప్రతి మాటకీ అందరికంటే ముందు నవ్వాడు.

కోట దగ్గర పడేకొద్దీ నా నడక నెమ్మదించింది. ఫిరంగి దగ్గర ఆగాక, కోట గోడ ఎత్తు ఎంతో చెప్పాను. వెడల్పు చెప్పాను. రాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పాను. జీవితంలో అంత నిజమైన చరిత్ర నేనెప్పుడూ చెప్పలేదు, అంత చప్పగానూ చెప్పలేదు.

"ఇక పదండి, మార్కెట్టు వీధి..."

"అదేంటండీ!" అన్నాడు పళ్ళ డాక్టరు. "బూట్ల కథ ఏది?"

"ఇవాళ అది లేదండీ. దానికి సెలవు."

"కథకి సెలవేంటండీ బాబూ! మా మామగారిని దానికోసమే లాక్కొచ్చాను. పళ్ళు కట్టించి మూడు రోజులే అయింది, నవ్వించి పరీక్ష చెయ్యాలి."

"గొంతు బాగోలేదండీ."

"మీరు విశ్రాంతి తీసుకోండి. నాకంతా కంఠతా వచ్చు."

వచ్చు. నిజంగానే కంఠతా వచ్చు. సేనాపతి పిల్లికళ్ళు, కర్రకి కట్టిన బూట్లు, పెళ్ళాం సాధింపు, ఒక్కటి వదల్లేదు. నేను ఆగిన చోట ఆగాడు, నేను గొంతు తగ్గించిన చోట తగ్గించాడు. జనం నవ్వారు. మామగారు పళ్ళు జాగ్రత్తగా పట్టుకుని నవ్వాడు. నేను వినలేదు. నాన్నని చూశాను.

మొదట్లో ఆయనా నవ్వాడు. రాజుగారి మీసాల దగ్గర నవ్వాడు. కర్రకి కట్టిన బూట్ల దగ్గర కూడా, అందరూ నవ్వుతున్నారని, నవ్వాడు.

"ఆ దొంగవంశం వాడు ఈ గేటు దగ్గరే ఉంటాడు," అన్నాడు డాక్టరు. "ఇవాళ లేడు, ఎవడో కేన్వాసు బూట్లవాడున్నాడు. పాపం, ఆయనకి సంగతి తెలీదు. ఎవడు ఫోటో అడిగినా ఛాతీ ఇలా విరుచుకుని నిలబడతాడు!" నిలబడి చూపించాడు. అచ్చం నాన్నలాగే ఉంది.

నాన్న నవ్వు మొహం మీద అలాగే ఉంది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. కుడికాలు ఎడమకాలి వెనక్కి పెట్టుకున్నాడు. కాసేపటికి ఎడమకాలు దాని వెనక్కి పెట్టుకున్నాడు. రెండు కాళ్ళూ ఒకేసారి దాచుకునే వీలు మనిషికి లేదు. అమ్మ ఒక అడుగు ముందుకేసి, ఆయన ముందు నిలబడింది.

"అవునా గైడుగారూ, ఇది నిజంగా జరిగిందేనా?" అని అత్తగారు నన్నడిగింది.

పాతికమంది నాకేసి చూశారు. నేను అట్టముక్క తిరగేసి వెనక వైపు చూశాను.

అప్పుడు వెనక నుంచి మా నాన్న గొంతు వినపడింది. గేటు దగ్గర యాత్రికులతో మాట్లాడే గొంతు, మర్యాదగా, కాస్త పైకి.

"తర్వాత ఎటు వెళ్ళాలండీ, గైడుగారూ?"

*

ఇంటికి వచ్చేసరికి నాన్న బూట్లు విప్పి, లేసులు లోపలికి మడిచి, స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ వంటింట్లో గిన్నెలు మామూలుగానే పెడుతోంది. చప్పుడు మాత్రం మామూలుగా లేదు.

"బాగా నవ్విస్తావురా," అన్నాడు నాన్న.

"నాన్నా, అది ఊరికే..."

"తెలుసు. ఊరికే వచ్చినవాళ్ళకి ఊరికే చెప్పేదేగా."

నా నోటి చమత్కారం ఎవరి నుంచి వచ్చిందో ఆ పూట తెలిసింది. ఇన్నేళ్ళూ అది ఆయన దగ్గరే ఉంది. ఎవరినీ గుచ్చుకోకుండా దాచుకున్నాడంతే.

మర్నాడు పొద్దున్న కోటు వేసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, రబ్బరు చెప్పులు తొడుక్కున్నాడు.

"ఈ చలిలో చెప్పులేంటండీ?" అంది అమ్మ.

"కాళ్ళు వాచాయి."

కాళ్ళు వాచలేదు. మూడు వారాలు అలాగే నిలబడ్డాడు. మడమలు పగిలి నెత్తురు చిమ్మితే అమ్మ రాత్రిళ్ళు నూనె రాసేది. నేను గదిలోకి వస్తే కాళ్ళ మీదకి దుప్పటి లాక్కునేవాడు. నాతో మాట్లాడటం మానలేదు. టీ తాగావా, గొడుగు తీసుకెళ్ళు, అన్నీ అడిగేవాడు. మాట్లాడకపోయినా బాగుండేది.

గోడ మీది ఫోటో తియ్యలేదు. తీస్తే ఎందుకు తీశావని ఎవరో ఒకరు అడగాలిగా.

కథ చెప్పడం నేను మానేశాను. మానేస్తే ఏం లాభం? అప్పటికే లైసెన్సు గైడ్లు ఎత్తుకున్నారు. వాళ్ళు గీత అవతలే నిలబడక్కర్లేదు, గేటు పక్కకే వెళ్ళి చెప్పొచ్చు. చెప్పారు. వాళ్ళలో పెద్దాయన దగ్గరికి వెళ్ళి బతిమాలాను.

"అది అబద్ధమండీ. నేను కల్పించాను. చెప్పకండి."

"నీ కథేనని అందరికీ తెలుసులేవయ్యా," అన్నాడాయన భుజం తట్టి. "అసూయపడకు. మంచి కథ ఒకడి సొత్తు కాదు."

"ఆయన మా నాన్నండీ."

ఆయన ఒక్క క్షణం చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అబ్బ! ఇది ఇంకా బాగుంది! ఇది కూడా కలపనా?"

*

ఆఖరి రోజు ఎండ బాగా కాసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి గేటు ముందు నాన్నకి కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. ఆఫీసరు నాలుగు మాటలు చెప్పాడు, కేన్వాసు బూట్లవాడు చప్పట్లు కొట్టాడు. అమ్మ శాలువా కప్పుకుని ఒక పక్కగా నిలబడింది.

నేను కావాలనే నడకని ఆ వేళకి అక్కడికి చేర్చాను. గీత దాటి వెళ్ళాలని పొద్దున్నే నిర్ణయించుకున్నాను. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. ఏం చెప్పాలో అద్దం ముందు రెండుసార్లు చెప్పుకున్నాను కూడా. నన్ను క్షమించండి అనే ముక్క ఎక్కడ పెట్టినా ఇమడలేదు, అది అక్కడికెళ్ళాక చూద్దామనుకున్నాను.

నాన్న తాళంచెవి తీసి, చేతిరుమాలుతో తుడిచి, రెండు చేతులతో ఆఫీసరుకి ఇచ్చాడు. చేతులు ఖాళీ అయ్యాక వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబులు వెతుక్కున్నాడు. ఆ తర్వాత తలెత్తి ఫిరంగి వైపు చూశాడు.

పిలవలేదు. చెయ్యి ఊపలేదు. చూశాడంతే. ఆ చూపులో కోపం ఉంటే వెళ్ళేవాణ్ణేమో. కోపం లేదు. ఆయన కుడిపక్కన ఒక మనిషి పట్టేంత చోటు మాత్రం ఖాళీగా ఉంది. ఆఫీసరు అటు జరగబోతే, నాన్న చేత్తో కొంచెం అడ్డం పెట్టి ఆపాడు.

"ఏవండీ గైడుగారూ," అంది నా గుంపులోంచి ఒకావిడ, "మా అక్కావాళ్ళు చెప్పారు, బూట్లు తీసుకుని గేటు తెరిచినవాళ్ళ వంశమట, ఆయనేనా? మరి బూట్లేవి? చెప్పులున్నాయే!"

గుంపంతా నవ్వడానికి సిద్ధంగా ఉంది. ఆయన మా నాన్న అని చెప్పి వెళ్ళాలి. చెప్పకుండా వెళ్ళినా తెలిసిపోతుంది. ఆ కథ చెప్పినవాడు సొంత కొడుకని నలభై మంది ఎదుట, ఆఫీసరు ఎదుట, ఆయనకి తెలిసిపోతుందేమోనని ఆగానా? ఆయనకి తెలిసిందేగా! తెలియనివాళ్ళకి తెలుస్తుందని ఆగాను. ఆయన పరువు కోసమే ఆగానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నేను కల్పించినవాటిలో జనం నవ్వని కథ అదొక్కటే.

ఒక కాలు పసుపు గీత మీద పెట్టాను. రంగు వెలిసిపోయి, పగుళ్ళు వచ్చి ఉంది. దాటడానికి పెద్ద కష్టమేమీ కాదు.

"తర్వాత," అన్నాను, గుంపు వైపు తిరిగి, "మార్కెట్టు వీధికి వెళ్దాం."

గేటు దగ్గర మనం ఒకరికొకరం ఎవరమూ కాదన్నది ఆయన మాట. జీవితంలో నేను ఆయన మాట జవదాటకుండా విన్నది ఆ ఒక్కరోజే.

వీధి మలుపు తిరిగేముందు వెనక్కి చూశాను. నాన్న పక్కనున్న ఖాళీలోకి అమ్మ వచ్చి నిలబడింది.

*

నాన్న పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు నాకూ లైసెన్సు ఉంది, గీత ఎన్నిసార్లయినా దాటొచ్చు. బూట్లు అమ్మ మంచం కింద ఉన్నాయి. ఎవరికీ ఇవ్వదు. పాలిష్ చేస్తానంటే నన్ను ముట్టుకోనివ్వదు.

ప్రతి గుంపునీ గేటు పక్కన, ఆయన నిలబడిన చోటే నిలబెడతాను. ఇక్కడ ముప్పై ఒక్క ఏళ్ళు కాపలా కాసినాయన మా నాన్నని చెప్తాను. ఆయన వంశంలో గేటు ఎవరూ తెరవలేదని, బూట్లు మొదటి జీతంతో కొనుక్కున్నాడని, ఆ వంశాన్ని అమ్ముకున్నవాడు తాత కాదు, పెద్దకొడుకేనని, వాణ్ణి మీరిప్పుడు చూస్తున్నారని చెప్తాను. ఒక్క జోకు వెయ్యను.

వాళ్ళు నా పేరు విని వచ్చినవాళ్ళు. మోచేతులతో ఒకరినొకరు పొడుచుకుని, పెదవులు బిగబట్టి, ఎక్కడ నవ్వాలో చెప్తానని నా మొహంలోకే చూస్తూ ఉంటారు.